సవరణ: మెదడు, కార్నిటిన్ గురించి మొన్న రాసినది

"మెదడు కణాలు కొవ్వును కాల్చుకుని బతుకుతాయి, అందుకే వాటికి కార్నిటిన్ కావాలి" అని మొన్నటి పోస్టులో రాశాను (కార్నిటిన్ అంటే మన ఒంట్లో ఉండే ఒక చిన్న అణువు). అది తప్పు, కండరాల సంగతిని తీసుకెళ్లి మెదడుకు అంటగట్టాను.

పొడవాటి కొవ్వు ఆమ్లాలను కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా లోపలికి చేర్చడం కార్నిటిన్ పనే. గుండె, కండరాలు బాగా ఆధారపడేది ఈ కొవ్వు ఇంధనం మీదే. మెదడు మాత్రం ప్రధానంగా గ్లూకోజ్‌తో నడుస్తుంది. రోజుల తరబడి తిండి లేకపోతే కాలేయం కొవ్వు నుంచి తయారుచేసి పంపే కీటోన్లను వాడుకుంటుంది. న్యూరాన్లు (సంకేతాలు పంపే నాడీకణాలు) కొవ్వు జోలికి పెద్దగా పోవు; కాస్తో కూస్తో కాల్చేది పక్కనుండే ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలు. బయోకెమిస్ట్రీ పాఠ్యపుస్తకాలు చెప్పేది ఇదే.

మరి న్యూరాన్‌లో కార్నిటిన్‌కు పనేంటి? అసిటైల్ కోఎంజైమ్-ఎ (అసిటైల్ అనే చిన్న ముక్కను కోఎంజైమ్-ఎ పట్టుకున్న రూపం) మైటోకాండ్రియాలో తయారవుతుంది, కానీ దాని లోపలి పొరను దాటడం కుదరదు. అందులోని అసిటైల్ ముక్కను కార్నిటిన్ అందుకుని, అసిటైల్ కార్నిటిన్‌గా మారి బయటికి వస్తుంది. బయట మళ్లీ కోఎంజైమ్-ఎ చేతిలో పెడుతుంది. కొవ్వుల తయారీకి, నాడీకణాల మధ్య సంకేతాలు మోసే అసిటైల్‌కోలిన్ తయారీకి ఆ ముక్క పనికొస్తుంది.

ఇది చదివి జ్ఞాపకశక్తి కోసం కార్నిటిన్ మాత్రలు కొనకండి. డిమెన్షియాలో (మతిమరుపు జబ్బులో) అసిటైల్ కార్నిటిన్ మీద జరిగిన ట్రయల్స్‌ను వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సమీక్ష 2003లో పరిశీలించి, మామూలుగా వాడమని చెప్పేంత ఆధారం లేదని తేల్చింది.

పాత పోస్టులో ఒక్క మాట మాత్రం అలాగే ఉంచుతున్నాను: ఫిట్స్‌కు ఇచ్చే వాల్‌ప్రోయేట్ వల్ల కొందరిలో కార్నిటిన్ తగ్గి, రక్తంలో అమ్మోనియా పెరగొచ్చు. ఆ మందు వేసుకునేవాళ్లు మత్తుగా, అయోమయంగా ఉంటే డాక్టర్‌కు వెంటనే చెప్పాలి. మందు మాత్రం సొంతంగా ఆపకూడదు.