వడియాలూ, ఒక 747

మా నంగనల్లూరు ఇంట్లో కుక్కరు విజిళ్ళు లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు. మూడోది కూసే వేళకి ఒక విమానం మీనంబాక్కం విమానాశ్రయం వైపు దిగుతూ పోతుంది. పప్పు ఉడికిందో లేదో మూత తీశాకే తెలియాలి. అద్దె తక్కువని ఈ ఇల్లు తీసుకున్నామని మా ఆయన చుట్టాలకి చెప్తుంటారు. అబద్ధం. ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు ఆయన వంటగది చూడలేదు, నీళ్ళ సంగతి అడగలేదు. తిన్నగా మేడ మీదికెళ్ళి, కాసేపు ఆకాశం చూసి, కిందికొచ్చి అడ్వాన్సు ఇచ్చేశారు. చెన్నైలో నీళ్ళ సంగతి అడక్కుండా ఇల్లు తీసుకునే మనిషిని ఓనరు మామి కూడా అదే మొదటిసారి చూడటమట.

ఆయనకి విమానాలు ఫొటోలు తీసే పిచ్చి. విమానం ఎక్కాలని కాదు సుమా. టికెట్టు కొందామంటే మాత్రం రైలు చాలంటారు. పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్న వాళ్ళకి బోయింగ్ 737 విమానాన్ని ఎలా గుర్తుపట్టాలో చెప్తారు. దాని ఇంజను కింద ఇడ్లీ అడుగులా చదునుగా ఉంటుందట. ఆ విమానం నేలకి బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి, తరవాత పెద్ద ఇంజన్లు పెట్టాల్సి వచ్చినప్పుడు కింద ఉండే సామానంతా పక్కలకి సర్దారట. ఇది విన్నవాళ్ళు పెరుగన్నం దాకా ఆగకుండా లేచిపోవడం నేను కళ్ళారా చూశాను.

ఏటీఆర్ విమానం పెద్ద అగ్నిపరీక్ష. దానికి పంఖాలుంటాయి. జెట్ విమానాన్ని తీసినట్టు సెకనులో వెయ్యో వంతులో తీస్తే పంఖా రెక్కలు కదలకుండా నిలబడిపోయినట్టు వస్తాయి. 250వ వంతుకో, ఇంకా నెమ్మది వేగానికో దిగితేనే అవి తిరుగుతున్నట్టు కనిపిస్తాయి, కానీ అప్పుడు చెయ్యి వణికితే విమానమే అలుక్కుపోతుంది. ఆయన మొదట్లో తీసినవన్నీ ఆగిపోయిన పంఖాలే. అత్తయ్య ఆ ఫొటోలు చూసి, "పాపం, లోపలున్న వాళ్ళందరూ క్షేమంగానే దిగార్రా?" అని అడిగింది.

ఎదురింటావిడతో గొడవ కూడా ఈ లెన్సు పుణ్యమే. విమానాలు ఆవిడ మేడ మీదుగా కిందికి దిగే వేళా, ఆవిడ బట్టలు ఆరేసే వేళా ఒకటే. మూరెడు లెన్సు తన వైపు తిరిగి ఉండటం చూసి ఆవిడ కబురు పంపింది. కెమెరా పట్టుకెళ్ళి ఫొటోలన్నీ చూపించి వచ్చాం. అన్నీ విమానం పొట్టలే. చక్రాలు తెరుచుకున్న పొట్టలు, మూసుకున్న పొట్టలు. ఆవిడ నమ్మింది కానీ, నన్ను జాలిగా చూడటం మొదలుపెట్టింది అప్పటినుంచే.

ఇక అసలు సంగతి. మే నెలలో అత్తయ్య నెల్లూరు నుంచి వస్తూ మినప్పప్పు తెచ్చింది. నెల్లూరు ఎండ కంటే చెన్నై ఎండలో వడియాలు బాగా ఎండుతాయని ఆవిడ నమ్మకం. నాకైతే రెండు ఎండలకీ తేడా తెలియదు. మేడ మీద పాత పంచె పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, వడియాలు పెట్టింది. నీడలో స్టూలు వేసుకుని కాకులకి కాపలా కూర్చుంది.

ఆ శనివారమే, ఏ విమానం ఎక్కడుందో చూపించే మా ఆయన యాప్‌లో బోయింగ్ 747 ఒకటి కనిపించింది. సరుకు మోసేది. 1969లో మొదటిసారి ఎగిరిన రకం, ఆఖరుదాన్ని 2023 జనవరిలో కొన్నవాళ్ళకి అప్పగించేశారు, ఇక కొత్తవి రావు. అందుకని అది వస్తోందంటే ఈ విమానాల ఫొటోల జనానికి పెళ్ళికొడుకు వచ్చినంత హడావుడి. వడపళని నుంచి ఒకాయన, అన్నానగర్ నుంచి ఒక కుర్రాడు మధ్యాహ్నం భోజనానికే దిగారు. అద్దెకి తెచ్చిన పెద్ద లెన్సు ట్రైపాడ్ మీదికెక్కింది. అంత బరువు పైన ఉంటే కింద కూడా బరువుండాలట. ఆ బరువు కోసం మా ఆయన చుట్టూ చూశారు. పంచె మూలల నుంచి రెండు ఇటుకలు సంచిలోకి వెళ్ళి, ట్రైపాడ్ కింద వేలాడాయి. అత్తయ్య అప్పుడు మజ్జిగ తాగడానికి కిందికొచ్చింది.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. చెన్నైలో పెద్ద రన్‌వేకి ఒక కొసన 07 అనీ, ఇంకో కొసన 25 అనీ రాసి ఉంటుంది. 70 డిగ్రీలు, 250 డిగ్రీలు అన్నమాట, చివరి సున్నా తీసేస్తారు. విమానం ఎదురుగాలిలోకే దిగుతుంది, ఎదురుగాలిలోకే లేస్తుంది. పడమటి గాలి వీస్తే 25, అంటే సముద్రం వైపు నుంచి మా ఇంటి పక్కగా దిగుతాయి. తూర్పు గాలి వీస్తే 07, అప్పుడు అటు పమ్మల్ వైపు నుంచి దిగి, ఇటు మా వైపు లేస్తాయి. వేసవిలో పొద్దున పడమటి వడగాలి ఉంటుంది, మధ్యాహ్నం దాటాక ఏదో ఒక వేళకి సముద్రపు గాలి తిరుగుతుంది. ఆ వేళ ఎప్పుడన్నదే తంటా.

అత్తయ్య మెట్లెక్కి పైకి రాగానే కొంగు సర్దుకుని, "ఒరే, గాలి తిరిగిందిరా. ఇక ఇవి ఎండవు" అంది.

"అమ్మా, 747 వస్తోందమ్మా. వడియాల సంగతి తరవాత చూద్దాం."

"నేను చెప్పేది గాలి గురించిరా."

ముగ్గురూ తూర్పు వైపు ఆకాశంలో చుక్క కోసం చూస్తున్నారు. అంతకుముందు వరసగా దిగిన విమానాలు ఎందుకో ఆగిపోయాయి. "పెద్దది వస్తోందని దారి ఖాళీ చేస్తున్నారు" అన్నాడు అన్నానగర్ కుర్రాడు. వడపళని ఆయన తలూపాడు. యాప్‌లో 747 సముద్రం దాటింది. ఊరు దగ్గరికొచ్చింది. దిగకుండా, మెల్లగా పడమటికి పోతోంది.

"అటెక్కడికి పోతోందిరా ఇది?" అని మా ఆయన అంటుండగానే వెనకనుంచి చెవులు పగిలేలా మోత. ఒక ఏ320 మా నెత్తి మీదుగా పైకి లేచింది. మా ఆయన గిర్రున లెన్సు తిప్పి బటన్ నొక్కి పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే సముద్రపు గాలి విసురుగా కొట్టింది. రెండు మూలల ఇటుకలు లేని పంచె ఒక్కసారిగా లేచింది.

ఆ కెమెరా గొప్పదే, ఒప్పుకోవాలి. ఎదురుగా ఏది దగ్గరగా ఉంటే దాన్ని పట్టేస్తుంది. ఆ వరస ఫొటోల్లో విమానం ఎక్కడా లేదు. సగం ఎండిన మినప వడియాలు మాత్రం గాల్లో విడివిడిగా, ఒక్కోదాని మీద జీలకర్ర గింజతో సహా అద్దంలా వచ్చాయి. వెనక నీలాకాశం. వడపళని ఆయన స్క్రీన్‌లోకి చూసి, "లైటింగ్ బాగా కుదిరిందండీ" అన్నాడు.

పంచె వెళ్ళి ఎదురింటావిడ మేడ మీద పడింది. తేవడానికి మా ఆయనే వెళ్ళారు. "మళ్ళీ మీరేనా?" అని ఆవిడ అన్న మాట మా మేడ మీదికి వినిపించింది.

తరవాత ముగ్గురూ రెండు స్కూటర్ల మీద పమ్మల్ పరిగెత్తారు. శనివారం జీఎస్టీ రోడ్డు సంగతి తెలిసిందే. వీళ్ళు పల్లావరంలో సిగ్నల్ దగ్గర ఉండగానే 747 దిగిపోయింది. పోనీ, మళ్ళీ ఎగిరేటప్పుడు మా ఇంటి మీదుగానే కదా. రాత్రికి గాని బయల్దేరదని యాప్ చెప్పింది కాబట్టి, అక్కడే టీ తాగుతూ వచ్చేపోయే వాటిని తీసుకుంటూ ఉండిపోయారు. సరుకు విమానాలకి టైము పట్టింపు అంతగా ఉండదని మాకందరికీ పాఠం చెప్పింది ఆయనే.

సాయంత్రం ఇంకా వెలుతురు ఉంది. అత్తయ్యా నేనూ మేడ మీద మిగిలిన వడియాలు ఏరుతున్నాం. చేటలో వడియాలు వణికాయి. తల ఎత్తితే నాలుగు ఇంజన్లతో అది, మేడ మొత్తం మీద నీడ వేస్తూ పోయింది. ఫోను కింద ఛార్జింగ్‌లో ఉంది.

రాత్రి ఇంటికొచ్చాక విచారణ మొదలైంది.

"రెక్కల కొసలు పైకి మడిచి ఉన్నాయా, లేవా? మడిచి ఉంటే పాతరకం 400, లేకపోతే 747-8."

"మడత సంగతి చూళ్ళేదురా. రెక్క కింద ఏవో ఇంత పెద్ద అక్షరాలు రాసున్నాయి" అంది అత్తయ్య.

ఆయన మొహం వెలిగిపోయింది. "అదే! అదే రిజిస్ట్రేషన్! ఏం రాసుందమ్మా?"

"కళ్ళజోడు కిందుంది నాయనా."

మరుసటి శనివారం పొద్దున్నే వడపళని ఆయన ఫోను. మా ఆయనకి ఇవ్వబోతే వద్దన్నాడు. "అమ్మగారు లేచారా అండీ? మీ ఇంటికి రావాలో, పమ్మల్ పోవాలో ఒక్క ముక్క అడిగి చెప్పండి."

అత్తయ్య వేలు తడి చేసుకుని కిటికీ బయట పెట్టింది. "మధ్యాహ్నం దాకా పడమర గాలే, రమ్మను" అంది. "వస్తూ వస్తూ నాలుగు ఇటుకలు తెచ్చుకోమను."