మౌనాంగీకారం గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ మౌనాంగీకారం గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. తమరు క్షేమం కాదని ఇంతవరకు కబురు పెట్టలేదు గనుక క్షేమమేనని తలుస్తున్నాను. ఈ తర్కం తమ వద్ద నేర్చుకున్నదే.

కిందటి నెల పెళ్ళికని ఊరెళ్ళి వచ్చేసరికి మా గేటు ఊచల మధ్య ఇంటి పన్ను పెంపు నోటీసు ఒకటి మడిచి పెట్టి ఉంది. వానకు తడిసి అంకెలన్నీ అలుక్కుపోయినా ఆఖరి వాక్యం మాత్రం చెక్కుచెదరలేదు: "గడువులోగా అభ్యంతరములు రానియెడల సమ్మతించినట్లుగా భావించబడును." గడువు దాటి అప్పటికి నాలుగు రోజులైంది. ఆ "భావించబడును" అనే క్రియకు కర్త ఎవరా అని కాగితం రెండు వైపులా తిప్పి చూశాను, లేడు. సమ్మతించిన కర్తను మాత్రం నేనేనట.

మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలు అన్నారు. వారు సగమే ఇచ్చారు. తక్కిన సగం తమరెప్పుడు కలుపుకున్నారో తెలియదు. బహుశా ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ గారి చలవ కావచ్చు. ఒక ప్రభుత్వపు ఏలుబడిలోని రహదారిపై స్వేచ్ఛగా నడిచినా దానికి లోబడేందుకు మౌనంగా ఒప్పుకున్నట్టేనని ఆయన 1689లో తేల్చారు. ఆ లెక్కన రోజూ తెల్లవారుజామున పాల ప్యాకెట్టు కోసం వీధి చివరిదాకా వెళ్ళే నేను చెప్పుల అడుగులతో తమకు సంతకాలు చేస్తూనే ఉన్నాను.

"నచ్చకపోతే వెళ్ళిపోవచ్చుగా" అన్నది తమ పక్షంవారి బ్రహ్మాస్త్రం. దీనికి 1748లోనే స్కాట్లాండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ జవాబు చెప్పాడు. పరాయి భాష రాని, ఏ రోజు కూలితో ఆ రోజు గడుపుకునే పేదవాడికి దేశం విడిచే స్వేచ్ఛ ఉందనడం, నిద్రలో ఉండగా ఓడలోకి మోసుకొచ్చినవాణ్ణి, సముద్రంలోకి దూకలేదు గనుక కెప్టెన్ అధికారానికి ఒప్పుకున్నాడనడం లాంటిదేనన్నాడు. హ్యూమ్ ఊహించినది ఒక్కడినే. నిజంగానే దూకిన ఊరు మనకు ఉంది.

చీరాల, పేరాల గ్రామాలను కలిపి బ్రిటిషు ప్రభుత్వం మునిసిపాలిటీ చేసేసరికి ఏటా నాలుగు వేల రూపాయలున్న పన్ను నలభై వేలకు ఎగబాకింది. జనం వద్దన్నారు, అదీ నోరు తెరిచే అన్నారు; తమరికి అక్కడ పనే లేకపోయింది. 1916లో కాశీలో నిండు సభలో తానూ అరాజకవాదినే, అయితే వేరే రకం వాడినని చెప్పిన గాంధీ, 1921 ఏప్రిల్‌లో చీరాల వచ్చి, పన్ను కట్టకపోవడమో, హింసకు దిగకుండా పొలిమేర దాటిపోవడమో తేల్చుకోమన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట వేలమంది ఇళ్ళకు తాళాలు వేసి, మునిసిపల్ హద్దు అవతల రామనగరం పేరుతో పాకలు వేసుకున్నారు. పన్ను తప్పించుకోవడానికి ఆ పాకల్లో ఎండాకాలం, వానాకాలం ఈడ్చడం లాభసాటి బేరమని ఏ షావుకారూ అనడు. సుమారు పదకొండు నెలలు ఉన్నారు. ఈలోగా గోపాలకృష్ణయ్యను జైల్లో పెట్టారు. నాయకుడు లేక, గడవక జనం తిరిగి ఇళ్ళకు చేరారు. వారు వెనక్కి నడిచింది కూడా రహదారి మీదనే గనుక, లాక్ గారి సూత్రం ప్రకారం తమరు ఆ అడుగులనూ సమ్మతి ఖాతాలో జమ వేసుకునే ఉంటారు.

నేను ప్రభుత్వమే వద్దనేవాణ్ణి కాను. మా వీధి మురుగు కాలువ ఎవరో ఒకరు తీయవలసిందే. 1979లో అమెరికన్ తత్వవేత్త జాన్ సిమన్స్ వాదించినదీ ఇంచుమించు ఇదే: చట్టం చెప్పిన పని చేయడానికి వేరే మంచి కారణాలు ఉండవచ్చు, కానీ చట్టం చెప్పింది గనుకనే చేయవలసిన నైతిక బాధ్యత మనలో చాలామందికి లేదు. కాలువ కోసం డబ్బడిగితే ఇస్తాను. ఇవ్వకపోతే జప్తు చేస్తామన్నా, భయపడి ఇస్తాను. ఆ రెండూ నాకు అర్థమయ్యే మాటలే. నేనెన్నడో మనస్ఫూర్తిగా ఒప్పుకున్నానని నాకే చెప్పడం మాత్రం మింగుడు పడడం లేదు.

సోమవారం వెళ్ళి పన్ను కట్టాను. రిజిస్టరులో నా పేరు పక్కన "కట్టితిని, సమ్మతించలేదు" అని రాశాను. గుమాస్తా గారు కళ్ళజోడు సవరించుకుని చదివి, "ఏమైనా రాసుకోండి సార్, కింద సంతకం మాత్రం పెట్టండి" అన్నారు.

పెట్టాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
ఒక పన్నుదారుడు