బడి లెక్కలు పిల్లలు అడగకూడదా?

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వంటి చోట్ల ప్రభుత్వ బడుల విద్యార్థులు ఒక్కటై తమ బడికి నిధులు చాలడం లేదని కలెక్టరు కచేరికి అర్జీ పట్టుకెళితే, చదువుకునే వయసులో ఈ రాజకీయాలెందుకన్న మందలింపే వారికి ముందుగా ఎదురవుతుంది. ఆ మందలింపును మేము సమర్థించలేము. దక్షిణ ఒడిశాలో ప్రభుత్వ వసతి పాఠశాలల పిల్లలు పంతుళ్ళు లేరనో, తిండి బాగోలేదనో మైళ్ళకొద్దీ నడిచి అధికారుల ముందు నిలబడిన సందర్భాలు గతంలోనూ ఉన్నాయి. పెద్దలు అడగవలసినది అడగనప్పుడే పిల్లలు రోడ్డెక్కుతారు.

అయితే 'నిధులు పెంచాలి' అన్న నినాదం ఒక్కటే సరిపోదు. డబ్బు బడికి ఏ లెక్కన వస్తోందో చూస్తే అసలు చిక్కు బయటపడుతుంది. 2018లో మొదలైన సమగ్ర శిక్ష అనే కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి పాఠశాల విద్యా పథకం మార్గదర్శకాల్లో వార్షిక పాఠశాల గ్రాంటును పిల్లల సంఖ్యకు ముడిపెట్టారు: 30 మంది వరకు ఉంటే 10,000 రూపాయలు, 31 నుంచి 100 వరకు 25,000, 101 నుంచి 250 వరకు 50,000. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, తాగునీరు, చిన్న మరమ్మతులు, మరుగుదొడ్ల శుభ్రత అన్నీ ఇందులోనే వెళ్ళాలి. ముప్పై ఒకటో పిల్లవాడు మానేస్తే బడికి 15,000 రూపాయలు తగ్గుతాయి. కప్పు కారడం మాత్రం తగ్గదు. ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న తెలుగు మాధ్యమ బడులకు ఈ పద్ధతి మరీ ప్రమాదకరం. తల్లిదండ్రులు ఒడియా, ఇంగ్లీషు మాధ్యమాల వైపు మొగ్గితే సంఖ్య పడిపోతుంది, గ్రాంటు తగ్గుతుంది, బడి పాడుపడుతుంది, దాన్ని చూసి మరికొందరు వెళ్ళిపోతారు. ఆ తరువాత 'పిల్లలు లేరు' అన్న కారణంతో బడిని పక్క బడిలో కలిపేయడం సులువవుతుంది.

పంతుళ్ళ విషయమూ ఇంతే. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలలోనూ ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. కానీ తెలుగు మాధ్యమంలో చెప్పగలిగిన పంతులు పదవీ విరమణ చేశాక ఆ స్థానంలోకి తెలుగు రానివారు వస్తే, కాగితం మీద ఖాళీ భర్తీ అవుతుంది గాని తరగతిలో కాదు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించేందుకు రాష్ట్రాలు కృషి చేయాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతూనే ఉంది. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి ప్రాంతంలో దీన్ని ఇంకా గుర్తుచేయవలసి రావడం విచారకరం.

సమగ్ర శిక్ష ఖర్చులో కేంద్రానిది 60 శాతం, రాష్ట్రానిది 40 శాతం గనుక ఒకరి మీద ఒకరు వేసుకోవడానికి ఇద్దరికీ వీలుంది. అందుచేత విద్యార్థులు బడ్జెట్ వెలువడ్డాక ధర్నాకు దిగేకంటే, ముందుగా పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారయ్యే దశలోనే కలుగజేసుకోవడం మేలు. ఆ ప్రణాళికను రాసేది పాఠశాల నిర్వహణ కమిటీ. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలని చట్టం చెబుతోంది. మిగిలిన స్థానాల్లో కొన్నింటిలో బడి పిల్లలకూ చోటివ్వవచ్చని 2010 నాటి కేంద్ర నమూనా నియమాలు పేర్కొన్నాయి. ఈ సంగతి చాలా గ్రామాల్లో తల్లిదండ్రులకే తెలియదంటే ఆశ్చర్యం లేదు. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ (ప్రభుత్వ పాఠశాల సమాచార వ్యవస్థ) కోడ్ ఉంది; దాని ద్వారా బడిలో ఎన్ని గదులు, ఎంతమంది ఉపాధ్యాయులు, ఎన్ని మరుగుదొడ్లు ఉన్నట్టు ప్రభుత్వానికి నివేదించారో ఎవరైనా చూడవచ్చు. ఆ వివరాలను కళ్ళెదుట ఉన్న బడితో పోల్చి రాసిన అర్జీని ఏ అధికారీ పిల్లచేష్ట అని తోసిపుచ్చలేడు.

పిల్లల చేతికి పార్టీ జెండాలిచ్చి ముందు నడిపించే పెద్దలు మాత్రం దయచేసి తప్పుకోవాలి. ప్రభుత్వం నుంచి మేము కోరేది రెండు పనులు: తలల లెక్కతో నిమిత్తం లేకుండా ప్రతి చిన్న బడికీ నిర్వహణకు సరిపడే కనీస గ్రాంటు నిర్ణయించాలి, తెలుగు మాధ్యమ ఖాళీలను తెలుగు చదివినవారితోనే నింపాలి. మొదటిదానికి కేంద్రం మార్గదర్శకాలు మారేవరకు ఆగనక్కరలేదు, రాష్ట్రం తన సొంత బడ్జెట్ నుంచే ఆ లోటు పూడ్చవచ్చు.