ఆ ఎనిమిది వందల మీటర్లు కొట్టేసిందెవరు?

కనుమ మర్నాడు ఆమదాలవలస పక్కన, అమెరికాలోని మన సంఘం జరిపిన ఆటల పోటీల గురించి మన పత్రిక గత సంచికలో రెండు పేజీల నిండా ఫొటోలు వేశారు. సంగిడి రాయి ఎత్తిన కుర్రాడు, అయిదు కిలోమీటర్ల పరుగు విజేత, ముగ్గుల పోటీలో ప్రెషర్ కుక్కరు గెలుచుకున్న ఇల్లాలు, శాలువాలు కప్పుకుని వేదిక మీద కూర్చున్న మనవాళ్లు, అందరూ ఉన్నారు. లేనిదల్లా ఆడపిల్లల 800 మీటర్ల పరుగు. కరపత్రంలో అచ్చయింది, ఆ ఉదయం తొమ్మిదింటికి మైకులో రద్దయింది. దాని గురించి ఇంకెవరూ రాయరని తెలిసే రాస్తున్నాను.

కమిటీ మీద నాకు కోపమేమీ లేదు. అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటూ, అర్ధరాత్రి ఫోన్లలో షామియానా వాడితో బేరాలాడి, సొంత సెలవులు పెట్టుకుని వచ్చి పోటీలు జరపడం ఎంత చాకిరీయో తెలుసు. ఒకప్పుడు ఆ చాకిరీ నేనూ చేశాను. కానీ ఆ ఉదయం హైస్కూలు మైదానంలో నేనూ ఉన్నాను. కళ్లారా చూసింది చెప్పకుండా ఉండలేను.

పేర్లిచ్చిన ఆరుగురు పిల్లలు అప్పటికే సున్నం గీత దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్లలో పదో తరగతి అమ్మాయి ఒకతె అన్న బూట్లు తొడుక్కుని, వేళ్ల దగ్గర గుడ్డలు కుక్కుకుని వచ్చింది. చొక్కాకు నాలుగు మూలలా పిన్నీసులతో అంకె గుడ్డ. "ఆడపిల్లల పరుగు రద్దయింది, పేర్లిచ్చినవారు కుర్చీలాటలో పాల్గొనవచ్చు" అని మైకులో వినిపించగానే మిగతా పిల్లలు నవ్వుకుంటూ కుర్చీల వైపు వెళ్లారు. ఈ అమ్మాయి పిన్నీసులు ఒక్కొక్కటే తీసి, మళ్లీ ఆ గుడ్డకే గుచ్చి, మడతపెట్టి బల్ల దగ్గరికి తెచ్చింది. "అక్కడ పెట్టమ్మా" అన్నాడు బల్ల దగ్గరి కుర్రాడు, తల ఎత్తకుండానే. వేదిక వెనక ఫ్లెక్సీలో కరణం మల్లీశ్వరి బరువు తలపైకి ఎత్తి నిలబడి ఉంది. ఆవిడ ఊరు ఊసవానిపేట ఆ మైదానానికి ఎంతో దూరం లేదు.

ఎందుకు తీసేశారని ఒక పెద్దాయనను అడిగాను. నేను ఎంతో గౌరవించే మనిషి. "అమ్మా, రెండు చుట్లు పరుగెత్తాలి. ఈ ఎండలో ఏ పిల్లయినా కళ్లు తిరిగి పడిపోతే? అమెరికా వాళ్లొచ్చి పిల్లను పొట్టన పెట్టుకున్నారంటారు" అన్నారు. ఎండట! పొలాల మీద మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. అదే ఎండలో మగపిల్లలు తారురోడ్డు మీద అయిదు కిలోమీటర్లు పరుగెత్తారు. ఒకడు వాంతి కూడా చేసుకున్నాడు. వాడికి నీళ్లిచ్చి చెట్టు కింద కూర్చోబెట్టారే గాని పోటీ ఆపలేదు.

ఆ పెద్దాయనకు తెలియకపోవచ్చు గాని, పడిపోతారన్న మాట ఆయన సొంతం కాదు. దానికి దాదాపు వందేళ్లు. ఒలింపిక్స్ ట్రాక్ మీద ఆడవాళ్లు తొలిసారి అడుగుపెట్టింది 1928లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో. అదీ ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు. ఫ్రాన్సులో ఆలిస్ మిలియా అనే ఆవిడ అడిగి అడిగి విసిగిపోయి, 1921లో మహిళల క్రీడా సమాఖ్య పెట్టి, మరుసటి ఏడే పారిస్‌లో ఆడవాళ్ల ఒలింపిక్స్ విడిగా జరిపించింది. అందులో వాళ్లు వెయ్యి మీటర్లు పరుగెత్తారు. పక్కింట్లో పందిరి లేచాక గాని ఒలింపిక్స్ పెద్దలకు చలనం రాలేదు. చివరికి మగవాళ్లకు 22 పోటీలున్న చోట ఆడవాళ్లకు అయిదు విదిల్చారు. వాటిలో 800 మీటర్లు ఒకటి.

ఆ ఫైనల్లో తొమ్మిది మంది బయలుదేరారు, తొమ్మిది మందీ పూర్తి చేశారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలిచింది. రెండో స్థానం కినుయె హితోమిది. ఒలింపిక్స్‌లో జపాన్ మహిళలకు అదే తొలి పతకం. మర్నాడు పత్రికలు మాత్రం పలువురు మధ్యలోనే మానుకున్నారని, మిగిలినవారు కుప్పకూలారని, ఆ దృశ్యం చూడలేకపోయామని రాశాయి. మధ్యలో మానుకున్నవాళ్లు అసలు లేనే లేరు. గీత దాటాక ఆయాసంతో వాలితే వాలి ఉంటారు, మగవాళ్లు వాలడం లేదా? ఆ రాతలే ఆధారంగా 800 మీటర్లు కొట్టేశారు. తిరిగి పెట్టింది 1960లో, రోమ్‌లో. ఆమ్‌స్టర్‌డామ్ ఏడాది పుట్టిన పిల్లకు అప్పటికి ముప్పై రెండేళ్లు.

నిజంగా తూలిపోయిన మనిషి కథ కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. 1984 లాస్ ఏంజెలెస్‌లో ఆడవాళ్లకు మొదటిసారి మారథాన్ పెట్టారు. జోన్ బెనాయిట్ 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిచింది. ఆమె వచ్చిన చాలాసేపటికి స్విట్జర్లాండ్ తరఫున పరుగెత్తిన గాబ్రియేలా ఆండర్సన్-షీస్ స్టేడియంలోకి వచ్చింది. ఒళ్లు ఒక పక్కకు ఒరిగిపోయింది, ఒక కాలు ఈడుస్తోంది. వైద్యులు ఆమెను తాకకుండా పక్కనే నడిచారు. ఇంకా చెమట పడుతోందని, అంటే ఒంట్లో నీరు పూర్తిగా ఇంకిపోలేదని గమనించి, పూర్తి చేయనిచ్చారు. 37వ స్థానం. ప్రపంచమంతా టీవీల్లో చూసింది. అయినా ఆడవాళ్ల మారథాన్ రద్దు కాలేదు. నాలుగేళ్లకు సియోల్‌లో మళ్లీ జరిగింది, పైపెచ్చు 10,000 మీటర్ల పరుగు కూడా చేర్చారు.

నా కథ కూడా ఆ 1984లోనే ఉంది కాబట్టి కొంచెం చోటు తీసుకుంటాను. కత్తిరించదలిస్తే సంపాదకుల ఇష్టం.

అప్పుడు గజపతినగరం దగ్గర అమ్మమ్మగారి ఊళ్లో ఉండి తొమ్మిదో తరగతి చదివేదాన్ని. ఆగస్టులో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకుంది. మా డ్రిల్లు మాస్టారు ఆ వార్త పేపర్లోంచి కత్తిరించి నోటీసు బోర్డుకు అంటించి, సాయంత్రం ఆడపిల్లలందరినీ మైదానంలోకి పిలిచారు. ఇటుకలు పేర్చి, వాటి మీద వెదురు బద్దలు అడ్డంపెట్టి దూకమన్నారు. పావడాలతో దూకాం. బద్దలు పావడాల్లో చిక్కుకుని అందరికీ మోకాళ్లు చెక్కుకుపోయాయి. మర్నాడు ఇటుకలు ఎత్తించేసి "పోనీ, రెండు చుట్లు పరుగెత్తండి" అన్నారు. అలా నేను 800 మీటర్ల మనిషినయ్యాను. కొన్నాళ్లకు విజయనగరంలో జరిగే జిల్లా పోటీలకు నా పేరు కూడా రాశారు.

అమ్మమ్మ ఒప్పుకోలేదు. ఆడపిల్ల అలా పరుగెత్తితే పేగులు జారతాయంది. రేపు కాలు విరిగితే ఎవడు చేసుకుంటాడంది. మన ఇళ్లలోని ఛాదస్తాన్ని ఇక్కడ వెనకేసుకు రాదలచుకోలేదు, అమ్మమ్మకైనా మినహాయింపు లేదు. అలాంటి మాటలకు జడిసి మా బడిలో ఎందరు కూర్చుండిపోయారో నేను ఎరుగుదును. కానీ ఆ రాత్రి ఆవిడ లాంతరు దగ్గర మావయ్య పాత పంట్లాం ముందేసుకుని, మోకాళ్ల కిందికి కత్తిరించి, నడుముకు నాడా ఎక్కించి కుడుతుంటే నిద్ర నటిస్తూ చూశాను. సూదిలో దారం ఎక్కక లాంతరు ఒత్తి రెండుసార్లు పెంచింది. తెల్లవారాక చోడి అంబలి, ఉల్లిపాయ చేతికిచ్చి, ఆ పంట్లాం నా ఒళ్లో పడేసింది. "పావడా అడ్డం పడితే కదా పడేది" అంది.

విజయనగరంలో నాకు బహుమతి రాలేదు. రెండో చుట్టులో నా ముందు పరుగెత్తే పిల్ల మడమలు తప్ప ఇంకేమీ కనబడలేదు. నోరంతా ఇనుము నాకినట్టుంది. గీత దాటి గడ్డిలో వెల్లకిలా పడుకున్నాను. ఇంటికి వచ్చాక ఎన్నో స్థానమని అమ్మమ్మ అడగలేదు.

"పడిపోయావా?"

"గీత దాటాక పడుకున్నాను."

"లేచావా?"

"లేచాను."

"మరింకేం" అని కందులు చెరుగుకోసాగింది.

నాన్నగారి బదిలీతో నా పరుగు అంతటితో సరి. అదేమీ విషాదం కాదు, నేను ఉషను అయ్యేదాన్ని కాదు. అయితే ఉష పేరెత్తగానే మనమంతా ఆ నూరో వంతు దగ్గరే ఆగిపోతాం. ఆడవాళ్లకు 400 మీటర్ల హర్డిల్స్ ఒలింపిక్స్‌లో పెట్టిందే ఆ ఏడని గుర్తుంచుకోం. అంతకుముందు 1980లో మాస్కో ఒలింపిక్స్‌లో ఆమె 100 మీటర్లు పరుగెత్తి హీట్స్‌లోనే, అంటే తొలి వడపోత పరుగులోనే వెనుదిరిగింది. తనకు తగిన పోటీ జాబితాలోకి ఎక్కాక పతకం అంచుకు చేరింది. మన మల్లీశ్వరి సంగతీ అంతే. 1994, 1995లలో ఆమె ప్రపంచ ఛాంపియన్. కానీ 1996 అట్లాంటాలో ఆడవాళ్లకు వెయిట్‌లిఫ్టింగే లేదు. 2000లో సిడ్నీలో మొదటిసారి పెట్టారు, పెట్టిన ఆ మొదటిసారే ఆమె 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. అలా ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ శ్రీకాకుళం ఆడపడుచు అయింది. అడ్డంకులు, నీటిగుంట దాటుతూ పరుగెత్తే 3000 మీటర్ల స్టీపుల్‌ఛేజ్ ఆడవాళ్లకు 2008 దాకా లేదు. 2016లో రియోలో లలితా బాబర్ ఆ ఫైనల్‌కు చేరింది, ట్రాక్ మీద వ్యక్తిగత పరుగుల్లో ఫైనల్ చేరిన భారతీయ మహిళ ఉష తర్వాత మళ్లీ ఆమే.

ఇదంతా ఎందుకు ఏకరువు పెడుతున్నానంటే, కమిటీ వారు నాకు చెప్పిన రెండో కారణం "ఆరు పేర్లే వచ్చాయి" అన్నది. ఆరే వస్తాయి! ఉంటుందో ఊడుతుందో తెలియని పోటీకి ఏ పిల్ల తెల్లవారుజామున లేచి నాగావళి గట్టున పరుగెత్తుతుంది? ఏ తల్లి పంపుతుంది? ముందు పోటీ నిలబడాలి, పిల్లలు ఆ వెనకే వస్తారు. విజయనగరం పక్కన కొండవెలగాడలో ఆడపిల్లలు బరువులెత్తడం చూసి ఎవరూ ముక్కున వేలేసుకోరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. అక్కడి పిల్లలేమీ వేరే మట్టితో పుట్టలేదు, అక్కడ ఆ ఆట ఏడాది పొడవునా ఉంది.

కమిటీ మాటల్లో నిజం లేకపోలేదు. మైదానంలో డాక్టరు లేరు. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి గది లేదు, మరుగుదొడ్డికి తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. నా దృష్టిలో ఎండకంటే ఇది పెద్ద కారణం, అయినా ఈ మాట ఎవరి నోటా రాలేదు. ముగ్గుల పోటీ మీద కూడా నాకు చిన్నచూపు లేదు. చుక్కలు పెట్టి రెండు గంటలు వంగి ముగ్గు వేయడానికి ఎంత నడుము కావాలో వేసినవాళ్లకు తెలుసు. కానీ గది లేకపోతే గది చూడాలి, డాక్టరు లేకపోతే 108కి ముందే చెప్పి ఉంచాలి. పోటీని తీసేయడమే అన్నిటికంటే సులువు కాబట్టి తీసేశాం.

నన్ను ఎక్కువగా బాధించింది మాత్రం మనమే. న్యూజెర్సీలో మన కూతుళ్లు హైస్కూల్లో క్రాస్ కంట్రీ పరుగెత్తుతుంటే శనివారం పొద్దున్నే లేచి, కుర్చీలు మడిచి కార్లో వేసుకుని పోయి చప్పట్లు కొడతాం. కాలేజీ దరఖాస్తుల్లో మరిచిపోకుండా రాయిస్తాం. అదే మనం విశాఖలో విమానం దిగి ఆమదాలవలస చేరేసరికి, అక్కడి పిల్లల నాన్నలకు కూడా లేని భయాలు మనకు పట్టుకుంటాయి. ఆ ఆరుగురి తల్లిదండ్రులూ సంతకాలు పెట్టి పంపారు. వద్దన్నది ఊరు కాదు, మనం.

2024 పారిస్ ఒలింపిక్స్ అథ్లెటిక్స్‌లో మగవాళ్లకు 23 పోటీలు, ఆడవాళ్లకూ 23, ఇద్దరూ కలిసి పాల్గొనేవి రెండు. 22కి అయిదుగా మొదలైన లెక్క అది. అక్కడే మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌లో పరుగెత్తింది. ఒలింపిక్స్‌లో ఆ పోటీకి దిగిన తొలి భారతీయురాలు ఆమె. వచ్చే ఏడు ఆమె ఫొటో కూడా మన ఫ్లెక్సీ మీదకు ఎక్కుతుంది, అందులో నాకు సందేహం లేదు.

కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. వచ్చే సంక్రాంతికి ఆడపిల్లల 800 మీటర్లు పెట్టండి. ఇద్దరే వచ్చినా జరపండి, మగపిల్లల పరుగుకు ఇచ్చే మొత్తమే దీనికీ ఇవ్వండి. దసరా సెలవులకు ముందే చుట్టుపక్కల హైస్కూళ్ల డ్రిల్లు టీచర్లకు కబురు పంపితే పిల్లలకు మూడు నెలలు దొరుకుతాయి. బూట్ల కొలతలు కూడా అప్పుడే తెప్పించండి, ఆ ఖర్చు నాది. మరుగుదొడ్డి తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో ఆ మనిషి పేరు కరపత్రంలోనే వేయండి. ఉగాది సర్వసభ్య సమావేశంలో దీన్ని చర్చకు పెట్టాలని కార్యదర్శిగారికి లేఖ ఇచ్చాను. అభ్యంతరాలున్నవారు అక్కడికి వచ్చి నాతో వాదించండి, పిల్లలు గీత దగ్గరికి వచ్చాక మైకు అందుకోకండి.