దెయ్యానికి పావు తక్కువ మూడు

విజయనగరంలో దెయ్యాలకు గడ్డుకాలం వచ్చిపడింది. పూర్వం దెయ్యానికి ఉన్న పని ఒక్కటే, భయపెట్టడం. చింతచెట్టు మీద కూర్చుని అర్ధరాత్రి ఒకసారి గజ్జెలు మోగిస్తే ఆ నెల గడిచిపోయేది. ఆ గజ్జెల్లో కొత్తదనం లేదనిగానీ, దెయ్యం పూర్వకథ బలహీనంగా ఉందనిగానీ ఊళ్లో ఎవరూ అనేవారు కారు. జ్వరం తెచ్చుకుని, వేపమండలతో దిగదుడిపించుకుని, తాయెత్తు కట్టించుకుని ఊరుకునేవారు. ఇప్పుడు కాలం మారింది. పాపం ఆ దెయ్యం జుట్టు విరబోసుకుని, కళ్లు తేలేసి, తలకిందులుగా గోడ మీద పాకి ఎంత శ్రమపడినా, మర్నాడు పొద్దున్న గంటస్తంభం దగ్గర టీ తాగుతూ ఒక పెద్దమనిషి తీర్పు చెప్పేస్తాడు. "ఫస్టాఫ్ పరవాలేదు. సెకండాఫ్ లాగింది. పావు తక్కువ మూడు ఇవ్వవచ్చు."

ఐదు మార్కులకు పావు తక్కువ మూడు. మెచ్చుకున్నట్టూ కాదు, తిట్టినట్టూ కాదు. పెళ్లికి వెళ్లి చదివింపుల దగ్గర పేరు రాయించకుండా భోజనం చేసి వచ్చేవాళ్లు కనిపెట్టిన అంకె అది. అది కూడా క్షమించవచ్చు. పక్కనున్నవాడు గ్లాసు కింద పెడుతూ కలిపే మాటను మాత్రం క్షమించలేం. "ఏది ఏమైనా, భయం మాత్రం వేయలేదు."

నా అభియోగమంతా ఆ ఒక్క వాక్యం మీదే.

పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను చివర కూర్చుని పూజారి అంత ఎత్తున ఊగుతూ వెళుతుంటే, కింద నిలబడి చూసే మనకు అరికాళ్లు జివ్వుమంటాయి. ఆ సంగతి అందరం ఒప్పుకుంటాం, గొప్పగా చెప్పుకుంటాం కూడా. సినిమా చూసి భయపడ్డానని చెప్పిన మగవాడు మాత్రం మూడు లాంతర్ల నుంచి బాబామెట్ట దాకా వెతికినా దొరకడు. హారర్ సినిమా భయపెట్టడానికే తీస్తారు. ఒకడు భయపడనన్నాడంటే సినిమా ఓడిపోయినట్టు, వాడు గెలిచినట్టు లెక్క. టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి నిర్మాత మీద గెలిచి రావడంలో ఏం సుఖముందో నాకు అంతుబట్టలేదు.

సాక్ష్యం లేకుండా అభియోగం మోపడం న్యాయం కాదు. అందుకని మా బావగారు 2022లో వచ్చిన 'మసూద'ను ఇంట్లో చూసిన తీరును ఇక్కడ నమోదు చేస్తున్నాను. హాల్లో ట్యూబులైట్లు రెండూ వెలుగుతున్నాయి. వంటింటి లైటు కూడా వెలుగుతోంది, అక్కడెవరూ లేకపోయినా. రిమోటు కుడిచేతిలో ఉంది, బొటనవేలు శబ్దం ఆపే మీట మీద ఉంది. భుజాన తువ్వాలు. తెర మీద తలుపు కిర్రుమనగానే బావగారికి ముఖం చెమర్చేది, తువ్వాలుతో తుడుచుకునేవారు. ఆ తుడుచుకోవడం సరిగ్గా దెయ్యం తెర మీద ఉన్నంతసేపూ సాగేది. నేపథ్య సంగీతం పైకి లేస్తుంటే బొటనవేలు కిందికి దిగేది. మా అక్క మాత్రం పళ్లెంలో చింతపండు గింజలు తీస్తూ కన్నార్పకుండా చూసింది. "అయిపోయిందా?" అని తువ్వాలు వెనక నుంచి ప్రశ్న వచ్చినప్పుడల్లా "ఇంకా లేదండీ, ఇప్పుడే గోడెక్కింది" అని శాంతంగా జవాబు చెప్పింది.

సినిమా అయ్యాక బావగారి అభిప్రాయాలు రెండు. మొదటిది: "సౌండుతో బెదిరించారు తప్ప విషయం లేదు." వినని శబ్దం మీద అంత ఖచ్చితంగా మాట్లాడగలగడం సామాన్యమైన విద్య కాదు. రెండోది: "ఆ కుర్రాడు మరీ పిరికివాడయ్యా. అక్కడే నాకు సినిమా నచ్చలేదు." ఆ కథలో పక్కింటి గోపి నిజంగానే పిరికివాడు. అంత భయపడుతూ కూడా పక్కింటి తల్లీకూతుళ్ల కోసం అడుగు ముందుకు వేయడమే అందులో కథ. ఆ అడుగు పడినప్పుడు మన విమర్శకులు తువ్వాలు వెనక ఉన్నారు. మొదటి నుంచి చివరిదాకా చూసిన మా అక్కను అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ఇక శబ్దం సంగతి. విశాఖ వెళ్లే పాసింజరులో కిటికీ పక్క సీటు దొరికిన కుర్రవాళ్లు ఫోన్లో హారర్ సినిమా పెట్టుకుని, కొత్తవలస వచ్చేసరికి "ఇందులో ఏముంది?" అని తేల్చేస్తారు. దర్శకుడూ, శబ్దాల మనిషీ నెలల తరబడి కూర్చుని, ముందు నిశ్శబ్దం పరిచి, దాని అడుగున చెవికి అందీ అందని లోతు మోత ఒకటి పెట్టి, మన ఒళ్లు బిగుసుకున్నాక ఒక్కసారిగా విరుచుకుపడేలా ఏర్పాటు చేస్తారు. గింజంత ఫోను స్పీకరుకు ఆ లోతు మోత పలికే శక్తి లేదు. దాని పైన చక్రాల చప్పుడు, దాని పైన "పల్లీ, పల్లీ" అనే కేక. ఇన్ని రక్షణల మధ్య కూర్చుని భయం వేయలేదనడం, గొడుగూ రెయిన్‌కోటూ వేసుకుని వానలో పస లేదనడమే.

లోతు మోత మహిమ తెలియాలంటే ఇంగ్లండు వెళ్లాలి. విక్ టాండీ అనే ఇంజనీరు అక్కడ ఒక ప్రయోగశాలలో పనిచేసేవాడు. ఒక రాత్రి ఒంటరిగా ఉండగా చెమటలు పట్టాయి, కంటి చివర బూడిదరంగు ఆకారం కదిలింది. మర్నాడు అక్కడే బిగించిన కత్తిసాము కత్తి దానంతట అది వణకడం చూసి ఆరా తీస్తే, కొత్తగా పెట్టిన ఫ్యాను నుంచి సుమారు 19 హెర్ట్జ్ కంపనం వస్తోందని తేలింది. మనిషి చెవికి వినపడేది 20 దగ్గర మొదలవుతుంది. 1998లో దాని మీద పత్రమే ప్రచురించాడు. మన ఇళ్లలో ముప్ఫై ఏళ్ల సీలింగు ఫ్యాన్లు పగలూ రాత్రీ గడగడమంటూ తిరుగుతున్నా ఒక్కరూ పత్రం రాయలేదు. మనకు వాటి మీద ఉన్న అభిప్రాయమల్లా కండెన్సరు మార్చాలని.

సామాన్య ప్రేక్షకుడి చేతిలోని బ్రహ్మాస్త్రం తర్కం. "ఆ ఇల్లు ఖాళీ చేసి పోవచ్చు కదా?" అనే ప్రశ్న అడగని ఇల్లు మన జిల్లాలో లేదు. 'కాంజూరింగ్' వరసలో 2013లో మొదటి సినిమా వచ్చినప్పుడు అడిగారు, 2025 సెప్టెంబరులో 'లాస్ట్ రైట్స్' వచ్చినప్పుడూ అదే అడిగారు. ఖాళీ చేసినవాళ్ల సంగతీ చెబుతాను. న్యూయార్క్ రాష్ట్రంలోని అమిటీవిల్‌లో ఒక కుటుంబం 1975 డిసెంబరులో అలాంటి ఇంట్లో దిగి, 28 రోజులకు సామాన్లు వదిలేసి పోయింది. ఫలితం? 1979లో సినిమా, ఆ తర్వాత లెక్కపెట్టలేనన్ని సినిమాలు. ఖాళీ చేసినా తప్పవన్నమాట.

అయినా ఇల్లు ఖాళీ చేయడమంటే మాటలా? యజమానికి నెల ముందు చెప్పాలి. గోడకు కొట్టిన మేకులన్నిటికీ అడ్వాన్సులో కోత పడుతుంది. కొత్త ఇంటి గుమ్మం తూర్పుకో ఉత్తరానికో ఉండాలి. పాలు పొంగించడానికి ముహూర్తం కుదరాలి. పైగా దెయ్యం ఆషాఢంలో బయటపడిందనుకోండి, ఆ నెలలో ఇల్లు మారరు. శ్రావణం వచ్చేదాకా సర్దుకుపోవలసిందే. ఈ చిక్కులన్నీ తెలిసిన మనమే అమెరికా వాళ్లను ఖాళీ చేయమంటున్నాం.

రెండో ప్రశ్న, "లైటు వేసుకోవచ్చు కదా?" 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన జిల్లాలో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అంత మంచి అవకాశంలోనూ ఒక్క దెయ్యం కనిపించినట్టు నేను వినలేదు. బల్బు మిణుకుమిణుకుమంటే తప్ప దెయ్యం రాదని సినిమాలు ఘోషిస్తున్నాయి. మిణుకుమనాలంటే ముందు కరెంటు ఉండాలి కదా.

తర్కానికి పరాకాష్ఠ 2023లో వచ్చిన 'విరూపాక్ష' మీద విన్నాను. అందులో వరసగా చావులు సంభవించేసరికి రుద్రవనం అనే ఊరిని దిగ్బంధం చేస్తారు. ఎవరూ లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు. "మరీ అతి. ఊరికి ఊరు మూసేస్తారా ఎక్కడైనా?" అన్నాడొక మిత్రుడు కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సు కోసం నిలబడి. ఆ బస్సు పోయే జిల్లాలోనే, సరుబుజ్జిలి మండలం వెన్నెలవలసలో, ఆ సినిమాకు సరిగ్గా ఏడాది ముందు, 2022 ఏప్రిల్‌లో, జ్వరాలతో వరస చావులు జరిగాయి. దుష్టశక్తి పనేనని ఊరివాళ్లు దారులకు కంచెలు కట్టేసుకున్నారు. బడి మూతపడింది, అంగన్‌వాడీ మూతపడింది, ప్రభుత్వ సిబ్బందినీ రానివ్వలేదు. చివరికి పోలీసులు వెళ్లి నచ్చజెప్పవలసి వచ్చింది. సినిమా వాళ్లు తమ కథ జనం నమ్మరేమోనని దాన్ని పాతకాలానికి నెట్టారు, మనవాళ్లు స్మార్టు ఫోన్లు జేబులో పెట్టుకునే చేసి చూపించారు. జ్వరానికి కావలసింది డాక్టరే, అందులో సందేహం లేదు. కానీ ఆ ఊరిని చూసి నవ్వే ముందు ఒక్క సంగతి గమనించాలి. వాళ్లు భయపడ్డారు, భయపడ్డామని పదిమందికీ చెప్పారు. టీ కొట్టు దగ్గర మార్కులు వేయలేదు.

పరభాషా దెయ్యాల మీద మనవాళ్లకున్న గౌరవం మరో విచిత్రం. "దెయ్యమంటే మలయాళం వాళ్లదే" అనేది ఇప్పుడు చదువుకున్నవారి లక్షణం. 2024 ఫిబ్రవరిలో మమ్ముట్టి నటించిన 'భ్రమయుగం' మొత్తం నలుపు తెలుపుల్లో వచ్చింది. మా పెదనాన్న అది పెట్టగానే టీవీ పాడైందనుకుని వెనక తీగలన్నీ పీకి మళ్లీ పెట్టి, రంగు రాకపోయేసరికి కేబులు కుర్రవాడికి ఫోను చేశారు. కుర్రవాడు వచ్చేసరికి సినిమా సగమైంది. ఇద్దరూ మిగతా సగం చూసి అద్భుతమన్నారు. కేరళ నుంచి వచ్చిన దెయ్యానికి సెకండాఫ్ లాగడం లాంటి జబ్బులు ఉండవు.

మన దగ్గర సరుకు లేకనా? 1757లో బొబ్బిలి కోటలో జరిగిన ఘోరం ఒక్కటి చాలు, పది సినిమాలకు నిద్ర లేకుండా చేయడానికి. కానీ మన తెలుగు సినిమాలో ఉత్తరాంధ్ర యాసకు కేటాయించిన ఉద్యోగాలు వంటవాడు, కాపలావాడు, హాస్యగాడు. దెయ్యం పదవి ఇంతవరకూ ఇచ్చిన గుర్తు నాకు లేదు. హీరోకు భయం ముందే తెలియాలి కాబట్టి మొదటి అరగంటలో చచ్చిపోయే కాపలావాడిగా మనల్ని వాడుకుంటున్నారు. చచ్చాక దెయ్యమై తిరిగి రావడానికి కూడా మనకు అర్హత లేదు. ఈ అన్యాయం మీద ఏ అభిప్రాయమూ లేనివాళ్లు దెయ్యం మేకప్పు మీద మాత్రం గంట మాట్లాడతారు.

వెబ్ సిరీస్‌ల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే వాటిని ఎవరూ చూడడం లేదు, వేగం పెంచి దాటిస్తున్నారు. 2023 చివర్లో వచ్చిన 'దూత'లో పత్రికల్లో రాసినట్టే చావులు జరుగుతుంటాయి. దాన్ని ఒకటిన్నర వేగంతో చూసినవాడికి చావులన్నీ బస్సుకు ఆలస్యమైనట్టు జరిగిపోయాయి. 'స్ట్రేంజర్ థింగ్స్' 2016లో మొదలై 2025 డిసెంబరు 31న ముగిసింది. కథలో గడిచింది 1983 నుంచి 1989 దాకా మాత్రమే. మధ్యలో పిల్లలకు మీసాలొచ్చాయి, రాక్షసులకు మాత్రం ఏ మార్పూ లేదు. మా మేనల్లుడి అభిప్రాయం: "చివరి భాగం తొందరగా ముగించేశారు." వాడు చూసింది ఆ భాగమొక్కటే. 2025లో వచ్చిన 'కిష్కింధపురి' సినిమాలో దెయ్యం పాత రేడియో స్టేషనును నమ్ముకుంటే, "ఈ రోజుల్లో రేడియో ఎవరు వింటారు?" అని దాని బతుకుతెరువు మీదే దెబ్బ కొట్టారు.

ఈ ఊళ్లోనే పుట్టిన 'కన్యాశుల్కం'లో పూజారి గవరయ్య దెయ్యాన్ని సీసాలో బంధించానని చెప్పి లుబ్ధావధాన్లను బెదరగొడతాడు. అవధాన్లు లోభి, ముసలితనంలో పెళ్లికి సిద్ధపడ్డవాడు, ఎన్ని దుర్గుణాలున్నా ఒక్క నిజాయితీ ఉంది. సీసా చూస్తే వణికాడు, వణుకుతున్నట్టు కనిపించాడు. మన కాలం అవధాన్లయితే ఆ సీసా వెలుగులోకి ఎత్తి చూసి, బిరడా బాగుందిగానీ లోపల సరుకు లేదనేవాడు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. హారర్ సినిమాకు మార్కులు నోటితో వేయకూడదు. సినిమా అయిన వెంటనే ఇంటి పెద్ద ఒంటరిగా పెరటి తలుపు తీసి, లైటు వేయకుండా నూతి దాకా వెళ్లి, అక్కడి గోడకున్న నీళ్ల మోటారు మీట ఆపి రావాలి. నడిచి వచ్చినవారు సినిమాకు సున్నా వేయవచ్చు. పరుగెత్తి వచ్చినవారు మూడు. దారిలో హనుమాన్ చాలీసా వినపడితే నాలుగు. మోటారు సంగతే మరిచిపోయినట్టు నటించినవారి లెక్కలో ఐదుకు ఐదు వేసి, ఆ సినిమా వాళ్లకు కబురు పంపాలి.

మొన్న మా అక్క రెండు రోజులకని పుట్టింటికి వచ్చింది. రాత్రి పదకొండు దాటాక బావగారు ఫోను చేశారు. ఏదో కొత్త హారర్ సినిమా పెట్టారట, అందులో ఏమీ లేదట, విసుగొచ్చి మధ్యలోనే ఆపేశారట. ఊరికే పలకరిద్దామని చేశారట. పావుగంట మాట్లాడారు, పిల్లల చదువులు, పప్పుల ధర, మా గోడకు పట్టిన చెమ్మ దాకా. ఆయన ఫోను పెట్టే సూచనలు కనిపించలేదు. అక్క మధ్యలో ఆపి అడిగింది.

"ఏమండీ, ఆ నీళ్ల చప్పుడేమిటి? మన ట్యాంకు పొంగుతోందా?"

"కాదు, సినిమాలో వాన" అన్నారు బావగారు.