వాయిదా వేయమనడం తేలికే

పెళ్లయిన మెడికోలు హౌస్ సర్జన్సీ (ఎంబీబీఎస్ చివర్లో ఏడాది ఆసుపత్రి శిక్షణ) అయ్యేదాకా పిల్లల సంగతి పక్కన పెట్టాలని ఇక్కడ ఒకరు రాశారు, చదివి బాధేసింది. నేను తిరుపతిలో హౌస్ సర్జన్‌ని, పెళ్లయి రెండేళ్లు, ఇప్పుడు గైనిక్ పోస్టింగ్. రాత్రంతా లేబర్ రూమ్‌లో నిలబడి, కొండ బస్సులు కదిలే వేళకి బయటికొస్తే ఆప్రాన్ జేబులో పెన్ను పక్కన ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్రల స్ట్రిప్ ఉంటుంది. బిడ్డ మెదడు, వెన్నుపాము రూపు కట్టేది మొదటి 4 వారాల్లోనే కాబట్టి, గర్భానికి కనీసం నెల ముందు నుంచే రోజూ 400 మైక్రోగ్రాములు వేసుకోమని ఓపీలో అందరికీ చెప్పేది నేనే. దీని తర్వాత పీజీ మూడేళ్లు, అప్పుడూ ఇదే మాటంటారు కదా? మాకు కావాల్సింది ఈ సలహా కాదండీ, నైట్ డ్యూటీ మార్చుకుంటానంటే మొహం చిట్లించని యూనిట్.