అక్రాలో గాంధీ విగ్రహం, మన రెండు కొలమానాలు

అక్రాలోని ఘనా విశ్వవిద్యాలయ ఆవరణలో 2016 జూన్‌లో నాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆవిష్కరించిన గాంధీ విగ్రహాన్ని 2018 డిసెంబరులో తొలగించారు. విగ్రహం పెట్టిన కొద్ది నెలలకే, దక్షిణాఫ్రికాలో తొలి ఏళ్లలో గాంధీ రాసిన మాటలను ఎత్తిచూపుతూ, దాన్ని తీసేయాలని అక్కడి అధ్యాపకులు పిటిషన్ పెట్టారు. దక్షిణాఫ్రికాలో నాటి బ్రిటిష్ వలస ప్రాంతమైన నేటాల్ శాసనసభ్యులకు 1894లో రాసిన బహిరంగ లేఖలో, భారతీయులను ‘కాఫిర్ల’ (నల్లజాతి ఆఫ్రికన్లను కించపరుస్తూ వాడిన మాట) స్థాయికి దిగజారుస్తున్నారని గాంధీ మొరపెట్టుకున్నారు. వివక్షే తప్పని ఆయన అనలేదు. ఆఫ్రికన్లతో కలిపి తమనూ అదే గాటన కట్టడం తప్పన్నారు.

ఆ కాలాన్నీ, ఆ తర్వాత ఆయనలో వచ్చిన మార్పునూ చూడకుండా తీర్పు చెప్పడం అన్యాయమని మనవాళ్లు చాలామంది వాదించారు. ఆ వాదనలో బలముంది. జాతులన్నీ కలగలిసిన నాగరికత గురించి 1908లో జొహన్నెస్‌బర్గ్‌లో మాట్లాడిన గాంధీ, 1894 నాటి గాంధీ కాదు. 2015 ఏప్రిల్‌లో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం తొలగించిన సెసిల్ రోడ్స్ విగ్రహంతో దీన్ని ముడిపెట్టడమూ సరికాదు. రోడ్స్ దక్షిణాఫ్రికాలోని మరో బ్రిటిష్ వలస ప్రాంతం కేప్ కాలనీకి ప్రధానిగా, అదే 1894లో, ఆఫ్రికన్ల భూమి హక్కును కుదించి వారిని కూలిపనికి నెట్టిన గ్లెన్ గ్రే చట్టాన్ని తెచ్చినవాడు. గాంధీ చేతిలో అలాంటి అధికారం ఏనాడూ లేదు. అయినా ఆ లేఖ చదివి నొచ్చుకున్న ఆఫ్రికన్‌ను ఓర్పుగా ఆలోచించమని అడిగే హక్కు మనకు ఎంతవరకు ఉందన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది.

2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఓలేతలో, ‘నా దేశం నుంచి వెళ్లిపో’ అని అరుస్తూ ఒక అమెరికన్ జరిపిన కాల్పుల్లో హైదరాబాద్‌కు చెందిన ఇంజినీరు చనిపోయాడు. తెలుగు రాష్ట్రాలు తల్లడిల్లాయి. దాన్ని జాతి విద్వేషమనే అన్నాం, అది నిజమే. నిందితుడు కూడా విద్వేష నేరాన్ని కోర్టులో ఒప్పుకున్నాడు. నెల తిరగ్గానే, మార్చి ఆఖరులో, ఒక యువకుడి మృతికి నైజీరియన్లే కారణమన్న అనుమానంతో గ్రేటర్ నోయిడాలో గుంపులు ఆఫ్రికా విద్యార్థుల మీద పడ్డాయి. ఒక షాపింగ్ మాల్‌లో కిందపడిన విద్యార్థిని కుర్చీలతో, చెత్తడబ్బాలతో కొడుతున్న దృశ్యాలను దేశమంతా చూసింది. ఇది విదేశీయుల పట్ల ద్వేషం, జాతి వివక్ష అని ఆఫ్రికా దేశాల రాయబారులు ఉమ్మడిగా ప్రకటిస్తే, మన విదేశాంగ శాఖ నొచ్చుకుని, ఇది నేరమే తప్ప జాతి వివక్ష కాదంది.

అంతకు ముందు ఏడాది మే నెలలో బంజారాహిల్స్‌లో ఒక నైజీరియా విద్యార్థిని కొట్టినప్పుడు కూడా, పార్కింగ్ తగాదా అన్న ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం. తగాదా పార్కింగ్ దగ్గరే మొదలై ఉండవచ్చు. కానీ ఓలేత ఘటన కూడా ఒక బార్‌లో మాటామాటా పెరగడంతోనే మొదలైంది. అంతమాత్రాన దాన్ని బార్ గొడవ అని ఎవరైనా అంటే మనం ఊరుకునేవాళ్లం కాదు. గాంధీ కోసం చరిత్ర సందర్భాన్ని అంత శ్రద్ధగా వెతికే మనం, ఆ విద్యార్థుల విషయంలో సందర్భాన్ని వాడుకున్నది వాళ్ల ఫిర్యాదును తోసిపుచ్చడానికే.